ద్వీపాంతరమున దారి యడుగు మాటలు: మలయు భాషలోని దిగ్వాచకముల చరిత్ర

చరిత్రరచనకు శాసనములు, నాణెములు, శిథిలాలయములు, విదేశయాత్రికుల వ్రాఁతలు ముఖ్యసాధనము లని మన మెల్లర మెఱుఁగుదుము. వీనికంటె సామాన్యమై, ప్రతిదినము వీథులలో నెల్లవారి నోటను మెలఁగుచు, సామాన్య మగుటచేతనే పరిశోధకుల దృష్టికిఁ దప్పిపోవు సాధన మొకటి గలదు. అది దారి యడుగు మాట. క్రొత్తయూర దిగిన బాటసారి మొట్టమొదట నేర్చుకొను పలుకులు ఇరువది కంటె నెక్కువ యుండవు. ఎక్కడ, ఎటు, కుడి, ఎడమ, తిన్నగా, దగ్గఱ, దూరము, తూర్పు, పడమర - ఈ మాటలు తెలియనివానికి అన్నము దొరకవచ్చునుగాని దిగవలసిన యిల్లు దొరకదు. ఇట్టి మాటలను ఏ జనమును పరులయొద్దనుండి తేలికగా నెరవు దెచ్చుకొనదు. తెచ్చుకొన్నచో దానికిఁ దగిన కారణ ముండవలెను. ఆ కారణమును వెదకుట చరిత్రకారుని పని.

ఈ వ్యాసమున ద్వీపాంతరభాష యగు మలయు భాషలోని, అనఁగా నేఁటి ఇండోనేసియా భాషలోని దిగ్వాచకములను, దారి చెప్పు పదములను బరిశీలింపఁ దలఁచితిని. దీనికి రెండు ప్రయోజనములు గలవు. మొదటిది, ఆ ద్వీపములకుఁ బోవు మనవారికి నీ మాటలు పనికివచ్చును. రెండవది ముఖ్యమైనది. బొరొబుదురు స్తూపమును, ప్రంబానను దేవాలయములను జూచిన మనవారు, ఆ దేశీయుల సమస్తజ్ఞానమును మననుండియే పోయిన దనియు, దిక్కుల నెఱుఁగుటయు వారికి మనమే నేర్పితి మనియుఁ దలంచుట గలదు. ఉత్తరదిక్కునకు వారు 'ఉతర' యనుటయే దీనికి సాక్ష్యముగాఁ జూపఁబడుచుండును. ఈ తలంపు సత్యమా యని విచారించుట మన కర్తవ్యము. పరుల గొప్పదనమును దగ్గించి మనవారి గొప్పదనమును బెంచు చరిత్రము తుద కెవ్వరికిని మేలు సేయదు.

బాటసారికిఁ గావలసిన పదములు

మొదట వాడుకలోని మాటలను దెలిసికొందము. ఈ భాషలో స్థానమును దెలుపుటకు మూఁడు చిన్న పదములు గలవు. 'ది' యనఁగా నందు. 'కె' యనఁగా నచ్చటికి. 'దరి' యనఁగా నచ్చటినుండి. 'మన' యను ప్రశ్నార్థకము వీనితోఁ జేరఁగా 'ది మన' ఎక్కడ, 'కె మన' ఎక్కడికి, 'దరి మన' ఎక్కడనుండి యని యగును. మన విభక్తిప్రత్యయములు నామమునకుఁ బిమ్మటఁ జేరును, ఇవి ముందు నిలుచును. అంతియే భేదము. ఈ మూఁటిని గ్రహించినవాఁడు సగము దారి నడచినట్లే.

'సిని', 'సితు', 'సన' యను మూఁడు పదములు సమీపదూరములను దెలుపును. 'సిని' పలుకువానియొద్ద నున్న చోటు, 'సితు' కొంచె మెడముగా, తఱచుగా వినువానియొద్ద నున్న చోటు, 'సన' యిరువురకును దూరమైన చోటు. తెలుఁగున 'ఇ', 'అ' యను రెండు మెట్లే మిగిలినవి. ప్రాచీనద్రావిడమున నడిమి మెట్టు 'ఉ' గూడ నుండెనని తమిళమువలనఁ దెలియుచున్నది. మనము పోఁగొట్టుకొన్న యా నడిమి మెట్టును ద్వీపవాసులు తమభాషలో నిలుపుకొని యున్నారు.

'కనన్' కుడి, 'కిరి' యెడమ. 'బెలొక్ కనన్' అనఁగాఁ గుడికిఁ దిరుగు మని, 'బెలొక్ కిరి' యనఁగా నెడమకుఁ దిరుగు మని యర్థము. 'లురుస్' తిన్ననిది, 'తెరుస్' ఆఁగక సాగుట, 'దెకత్' దగ్గఱ, 'జవుహ్' దూరము, 'బెలకంగ్' వెనుక, 'సెబెరంగ్' ఏటికి గాని వీథికి గాని యావలి యొడ్డు. 'జలన్' అనఁగా దారియు నగును, నడకయు నగును. దానినే రెండుమాఱులు పలికి 'జలన్-జలన్' అన్నచో షికారు. మూఁడుదారుల కూడలిని 'పెర్తిగఆన్' అనియు, నాలుగుదారుల కూడలిని 'పెరెంపతన్' అనియు నందురు. 'తిగ' మూఁడు, 'ఎంపత్' నాలుగు. మన ముక్కూడలి, నలుగూడలి యను పదములవలెనే సంఖ్యనుండి యివి పుట్టినవి.

అడుగుటకుఁ బూర్వము పెద్దమగవానిని 'పక్' అనియు, పెద్ద స్త్రీని 'బు' అనియుఁ బిలువవలెను. ఇవి తండ్రి, తల్లి యను పదముల సంక్షేపములు. జావావారిలోఁ దనయీడువానిని 'మస్' అనియు, స్త్రీని 'మ్బక్' అనియుఁ బిలుచుట మర్యాద. అన్న, అక్క యని దాని భావము. మన పల్లెలలో ముఖపరిచయము లేనివానిని సైతము అయ్యా, అన్నా యని పిలుచు నాచారమునకును దీనికిని భేదము లేదు. దారి చూపునపుడు ఎడమచేతిని జూపరాదు. జావాలో మర్యాదస్థుఁడు కుడిచేతి బొటనవ్రేలితోఁ జూపును.

'కనన్', 'కిరి' యను పదములు చిరకాలమునాఁటివి. ఫిలిప్పీనులలోని తగలొగు భాషయందుఁ గుడికి 'కనన్', ఎడమకు 'కలివ' యందురు. ఆఫ్రికాఖండమునకుఁ జేరువనున్న మడగాస్కరు ద్వీపమునఁ గుడికి 'హవనన', ఎడమకు 'హవియ' యందురు. ఇన్నివేల క్రోసుల దూరమున నీ పదము లొక్క మూలమునుండి వచ్చిన వగుట, ఆ జనులు విడిపోకమునుపే యివి వాడుకలో నుండెనని రుజువు పఱుచుచున్నది. జావాభాషలో నెడమకుఁ 'కివ' యందురు. దానినుండి పుట్టిన 'పెంగివ' యను మాట బలిద్వీపమునఁ జేతబడివిద్యకుఁ బేరైనది. మనయొద్ద వామమార్గ మను పేరు పుట్టుట కేది హేతువో, అచ్చట 'పెంగివ' పుట్టుటకు నదియే హేతువు.

'జలన్' అను పదమునకు శాసనప్రమాణము గలదు. సుమత్రాద్వీపమున పాలెంబాంగు చెంత దొరకిన కెడుకాన్ బుకిట్ శాసనము క్రీ. శ. 682 ప్రాంతమునాఁటిది; దక్షిణభారతమునుండి పోయిన పల్లవలిపిలో, ప్రాచీన మలయు భాషలో వ్రాయఁబడినది. దపుంత హియంగ్ అను ప్రభువు సేనతో బయలుదేఱిన వృత్తాంతమును దెలుపుచు, ఓడలపైఁ బోయినవా రిన్నూఱు మంది యనియు, 'జలన్' చేఁ బోయినవారు 1312 మంది యనియు నా శాసనము లెక్క చెప్పుచున్నది. లిపి మనది, శకవర్షగణనము మనది, తిథులు మనవి. కాని కాలినడకకు వాడిన మాట వారిది. ఈ యొక్క శాసనమునందే మన మీవ్యాసమున వెదకుచున్న సత్యము సూక్ష్మరూపమునఁ గనఁబడుచున్నది.

యాత్రికులు కూర్చిన పదపట్టికలు

ఈ భాషను మార్గావసరముకొఱకు నేర్చుకొనుట నేఁటి మాట గాదు. చీనాభిక్షువు ఇత్సింగు క్రీ. శ. 671 లో భారతయాత్రకు బయలుదేఱి, శ్రీవిజయమున నాఱునెలలు నిలిచి శబ్దశాస్త్ర మభ్యసించెను. భారతమునకుఁ బోఁగోరు చీనాభిక్షువు లచ్చట నొకటి రెండేండ్లు నిలిచి పోవుట మంచిదని యాతఁడు వ్రాసెను. పదునైదవ శతాబ్దమున మలక్కారాజ్యము వర్ధిల్లిన కాలమునఁ జీనావారు మలయు పదములను నాలుగువందల యెనుబదికిఁ బైగాఁ గూర్చిరి. ఆ పట్టిక నేఁటికిని నిలిచియున్నది.

ఐరోపావారిలో నిట్టి ప్రయత్నము చేసినవారిలో ముఖ్యుఁడు ఆంతోనియో పిగఫెత్త. ఈతఁడు మెజలాను ననుసరించి భూప్రదక్షిణము గావించిన యిటలీదేశీయుఁడు. మెజలాను కొలువున ఎన్రికె యను మలయు భాష నెఱిఁగిన దాసుఁ డుండెను. 1521 లో ఫిలిప్పీనులయొద్ద నాతని పలుకులు స్థానికప్రభువులకు దెలియుటచే, తాము భూగోళమును జుట్టి తూర్పుదీవులకుఁ జేరువైతి మని నావికులు గ్రహించిరి. భాష యొకటి దిక్సూచియంత్రమువలెఁ బనిచేసిన సందర్భ మిది. మెజలాను ఆ యేఁటనే యేప్రిలు 27 వ తేదీని యుద్ధమున మరణించెను. మిగిలినవా రా నవంబరులో తిడోరెద్వీపమును జేరిరి. పిగఫెత్త కూర్చిన మలయు పట్టికలో నాలుగువందలకుఁ బైఁబడిన మాటలున్నవి. అందు దిక్కుల పేర్లును గలవు. దక్షిణమునకు 'సలతన్', తూర్పునకు 'తిమోర్' అని యుండఁగా, ఉత్తరమునకు మాత్ర మాతఁడు 'ఇరగ' యని వ్రాసికొనెను. ఇది ఫిలిప్పీనుల 'హిలగ' పదము. మలయు భాషలో నుత్తరదిక్కునకే పేరు నిలకడగా లేకుండుట యిచ్చట గుర్తింపఁదగినది.

ఓలందుదేశపు ఫ్రెడెరిక్ ద హౌత్మన్ అచెరాజ్యమున 1599 మొదలు 1601 వఱకుఁ జెఱలో నుండెను. ఆ చెఱలో నాతఁడు మలయు భాషను నేర్చి, మలయు, మలగసి సంభాషణములును బదములును గల గ్రంథమును 1603 లో ఆమ్‌స్టర్‌డాములోఁ బ్రకటించెను. దాని యనుబంధమున దక్షిణాకాశపు నక్షత్రముల పట్టిక యున్నది. దారి యడుగు మాటలును, దారి చూపు చుక్కలును ఒక్క గ్రంథమునఁ జేరుట విచిత్రము గాదు. నావికుని కా రెండును సమానముగాఁ గావలసినవే. తరువాత 1812 లో విలియం మార్స్‌డెను మలయు వ్యాకరణమును, నిఘంటువును బ్రకటించెను.

గాలుల పేర్లే దిక్కుల పేర్లు

మలయు భాషలో దిక్కును 'మత అంగిన్' అందురు. 'మత' కన్ను, 'అంగిన్' గాలి. గాలి కన్నే దిక్కు. ఈ పేరే యాజనుల దిగ్జ్ఞానమున కంతకును తాళపుచెవి. సూర్యోదయాస్తమయములచేత దిక్కుల నేర్పఱచుకొన్నవాఁడు కృషీవలుఁడు. గాలిచేత నేర్పఱచుకొన్నవాఁడు నావికుఁడు.

'బరత్' పడమర, 'తిమూర్' తూర్పు, 'సెలతన్' దక్షిణము. వీనిలో 'బరత్', 'తిమూర్' అనునవి మొదట దిక్కుల పేర్లు గావు, గాలుల పేర్లు. 'బరత్' వర్షమును దెచ్చు పడమటి ఋతుపవనము. 'తిమూర్' తూర్పు, ఆగ్నేయములనుండి వీచు పొడిగాలి. నేఁటికిని జావాలో వానకాలమును 'మూసిమ్ బరత్' అనియు, ఎండకాలమును 'మూసిమ్ తిమూర్' అనియు నందురు. 'మూసిమ్' అరబ్బీపదము, మన తురుష్కభాషాపరిచితులు వాడు 'మౌసము' అదియే.

ఇది యూహమాత్రమే యని శంకించువారికి నిదర్శనము చూపుదును. 'తిమూర్' అను పదమునకు సోదరమైన తగలొగు పదము 'తిమొగ్'. దాని యర్థము దక్షిణము. 'బరత్' సోదరము 'హబగత్'. దాని యర్థము నైరృతిఋతుపవనము. మడగాస్కరు ద్వీపమున నివే 'అవరత్ర', 'అత్సిము' అని మాఱినవి. వాని యర్థములు క్రమముగా నుత్తరము, దక్షిణము. ఒక్క పదము బోర్నియోలో పడమర యగుట, మడగాస్కరులో నుత్తర మగుట యెట్లు? పదము సూర్యగతిని బట్టి పుట్టినదైనచో నిట్లు మాఱదు. సూర్యుఁ డెల్లచోటులను దూర్పుననే యుదయించును. గాలిని బట్టి పుట్టిన దగుటచేత, ఏ ద్వీపమున నాగాలి యే ప్రక్కనుండి వీచునో యా ప్రక్కకే పేరు దక్కినది. బోర్నియో యాగ్నేయభాగమునుండి మొదటి సహస్రాబ్దిలో మడగాస్కరును జేరిన జనులు తమ గాలుల పేర్లను వెంటఁగొనిపోయిరి; క్రొత్తతీరమున గాలి వేఱుప్రక్కనుండి వీచెను; పేరు గాలితోఁబాటు తిరిగెను.

విదిక్కుల పేర్లలో మఱియొక విశేషము గలదు. వాయవ్యమును 'బరత్ లవుత్' అనియు, ఈశాన్యమును 'తిమూర్ లవుత్' అనియు, నైరృతిని 'బరత్ దయ' యనియు నందురు. 'లవుత్' కడలి, 'దయ' యను ప్రాచీనపదమునకు లోనాడు, మెట్టప్రదేశ మని యర్థము. అనఁగా నీ పేర్లు పెట్టినవారికిఁ గడలి యుత్తరమునను, నేల దక్షిణమునను నుండె నన్నమాట. ఉత్తరతీరమున నిలిచి కడలివైపు చూచిన జనుల దృష్టి యీ మూఁడు పదములలో ముద్రితమై యున్నది. నేఁటి బాటసారి సుమత్రా పడమటితీరమున నిలిచి 'బరత్ దయ' యనునపు డాతని యెదుట నున్నది లోనాడు గాదు, మహాసముద్రము. అయినను మాట మాఱలేదు.

గాలిచేతనే ప్రపంచమును వారు రెండుగా విభజించిరి. తమ దీవులను 'గాలిక్రింది నాడులు' అనియు, భారతము, పారసీకము, అరబ్బుదేశము మొదలగువానిని 'గాలిమీఁది నాడులు' అనియు మలయువారు వ్యవహరించిరి. ఆ లెక్కను మన తెలుఁగునాడును గాలిమీఁది నాడే.

కొండవైపు, కడలివైపు

బలిద్వీపమున దారి యడిగిన బాటసారికి మఱియొక చిక్కు గలుగును. అచ్చట 'కజ' యనఁగాఁ గొండవైపు, 'కెలొద్' అనఁగాఁ గడలివైపు. ఇవి పైని జెప్పిన 'దయ', 'లవుత్' పదముల రూపాంతరములే. ద్వీపమునకు నడుమ అగుంగ్ మొదలగు పర్వతము లుండుటచే, దక్షిణభాగమువారికిఁ 'కజ' యుత్తరము. ఉత్తరతీరమునందలి సింగరాజవాసులకుఁ 'కజ' దక్షిణము. ఒక్క ద్వీపమున నొక్క మాటకు రెండు విరుద్ధార్థములు! కాని వారికి విరోధము లేదు. ఇరువురును గొండనే చూపుచున్నారు. తూర్పునకు 'కంగిన్' అనియు, పడమరకు 'కవుహ్' అనియు నందురు. వీనియర్థ మెల్లచోటుల నొక్కటియే.

బలివారు తమ యింటి దేవస్థానమును 'కజ-కంగిన్' మూలను గట్టుదురు. దక్షిణబలిలో నది యీశాన్యమగుటచేఁ జూచినవారు మన వాస్తుశాస్త్రమే యని యనుకొందురు. కాని నిదురించునపుడు వారు తలను 'కజ' వైపునకుఁ బెట్టుట శుభ మందురు. దక్షిణబలిలో నది యుత్తరము. మనము ఉత్తరపుఁ దలగడను నిషేధింతుము. శాస్త్రమున నొక్కటిగాఁ గనఁబడిన యాచారము మూలమున వేఱయి యుండవచ్చునని దీనిచేతఁ దెలియవలెను.

జావావారు చతుర్దిక్కులను 'లొర్', 'కిదుల్', 'వెతన్', 'కులొన్' అందురు. ఉత్తరము, దక్షిణము, తూర్పు, పడమర యని క్రమము. 'లొర్' కూడఁ గడలి యను మూలపదమునుండి వచ్చినదే. పల్లెలలో నేఁటికిని గుడియెడమల కంటె నీ దిక్కులతోనే దారి చెప్పుదురు. యోగ్యకర్తనగర మందుకుఁ దగినట్లే నిర్మింపఁబడినది. 1755 లో మతరాంరాజ్యము విభక్తము గాఁగా నేర్పడిన యా నగరమునఁ గోట కుత్తరమున మెరపి యగ్నిపర్వతమును, దక్షిణమున సముద్రమును దాదా పొక్క రేఖయందున్నవి. కోటముందఱి మైదానము 'అలున్-అలున్ లొర్', వెనుకటిది 'అలున్-అలున్ కిదుల్'. లక్ష్యములేక మాటలాడుటను జావావారు 'ఙలొర్-ఙిదుల్' అందురు. ఉత్తరమునకుఁ బోయి దక్షిణమునకుఁ బోవుట యని దాని భావము.

పెద్దయేఱులు గల సుమత్రా, బోర్నియోలలో 'హులు' ఎగువ, 'హిలిర్' దిగువ. 'హులు' మూలార్థము తల. ఏటి తలవైపు ఎగువ. మనవారు ఎగువయూరు, దిగువయూరు అని పేర్లు పెట్టుటయు నిట్టిదే. ఎగువకుఁ బోవుటను 'ముదిక్' అందురు. రంజాను పండుగకుఁ బట్టణవాసులు లక్షలకొలఁది స్వగ్రామములకు మరలుటకు నేఁడు 'ముదిక్' అనియే పేరు. పడవలు పోయి రైళ్లు, మోటారులు వచ్చినను, ఇల్లు మాత్ర మేటి కెగువనే నిలిచియున్నది.

సంస్కృతమునుండి పోయిన పదములు

ఇఁక మనవారు సాక్ష్యముగాఁ జూపు 'ఉతర' పదమును విచారింతము. అది సంస్కృతోత్తరశబ్దమే, సందేహము లేదు. బలిద్వీపమున ఎనిమిది దిక్కులకును సంస్కృతనామములు గలవు: పూర్వ, ఆగ్నేయ, దక్షిణ, నైరృతి, పశ్చిమ, వాయవ్య, ఉత్తర, ఐశాన్య. వీనికి అధిదేవత లీశ్వరుఁడు, మహేశ్వరుఁడు, బ్రహ్మ, రుద్రుఁడు, మహాదేవుఁడు, శంకరుఁడు, విష్ణువు, శంభువు; నడుమ శివుఁడు. తూర్పునకుఁ దెలుపు, దక్షిణమునకు నెఱుపు, పడమరకుఁ బసుపు, ఉత్తరమునకు నలుపు వర్ణములు. ఈ నవదేవతావ్యవస్థ మన దిక్పాలకవ్యవస్థ గాదు; ఇంద్రాగ్నియమాదు లచ్చట లేరు. పేర్లు గైకొని వ్యవస్థను దామే నిర్మించుకొనిరి. మఱియు నీ పదములు పురోహితుని నోటివి. ఆ పురోహితుఁడే పూజ ముగించి సంతకుఁ బోవునపుడు 'కజ', 'కెలొద్' అనియే పలుకును.

ప్రాచీన మలయుకావ్యభాషలో 'దక్సిన' దక్షిణము, 'పక్సిన' యుత్తరము. 'పక్సిన' యను పదమున కుత్తరార్థము సంస్కృతమున లేదు. 'దక్షిణ' శబ్దపు ధ్వనిని బట్టి దానికి జోడుగా నెవ్వరో కల్పించినట్లు తోఁచుచున్నది. పుస్తకము చూచి నేర్చినవాఁడు నోట నిట్టి మాటను గల్పింపఁడు. చెవితో విన్నవాఁడే కల్పించును.

మఱి వాడుకభాషలో దూర్పు, పడమర, దక్షిణములకు సొంతమాటలుండఁగా ఉత్తరమున కొక్కదానికే సంస్కృతపద మేల? నాకుఁ దోఁచినంతవఱకుఁ గారణమిది. ఉత్తరదిక్కునకు వారి పాతమాట కడలి యని చెప్పు 'లవుత్'. ఒక్క తీరమున నుండువానికి నా మాట చాలును. నలుదెసల దీవులకుఁ బోవు వర్తకులకుఁ గడలి యన్నివైపుల నుండును గావున ఆ పదము చాలలేదు. గాలినిగాని తీరమునుగాని యాశ్రయింపని స్థిరమైన పేరు కావలసివచ్చెను. అప్పుడు తమతో నోడలపై మెలఁగుచుండిన పరదేశుల పద మొకటి గైకొనిరి. ఇది యవసరమున కెరవు. అజ్ఞానమునకు గుఱుతు గాదు.

ఈ మాట నొప్పుకొనుటకు సంకోచించువారు మన తెలుఁగును జూడవలెను. తూర్పు, పడమర యనునవి దేశ్యములు. 'పడమర' ప్రొద్దు పడుటను దెలుపుచున్నది. ఉత్తరము, దక్షిణము సంస్కృతపదములు. దక్షిణమునకు మనకు సొంతపదము లేకుండెనా? ఉండెను. నన్నెచోడుని 'టెంకణాదిత్య' బిరుదమున, తెమ్మెరలో, టెంకాయలో నది నేఁటికిని దాఁగియున్నది. దారి చెప్పునపుడు మాత్రము మనము 'దక్షిణపు వైపు' అనియే యందుము. ఇంతమాత్రమున తెలుఁగువారికి దిక్కులు తెలియకుండెననియు, పరులు నేర్పిరనియు నెవ్వఁడైన ననునా? అనఁడు. మనకుఁ జెల్లని న్యాయము ద్వీపవాసులకు మాత్ర మేల చెల్లవలెను?

సంస్కృతమునుండి దారిమాటలలోనికి నిజముగాఁ జేరినవియు గలవు. వానిని దాఁపవలసిన పని లేదు. ముందఱను 'ది ముక' యందురు. అది మన ముఖము. నడుమను 'ది అంతర' యందురు. మజపహితుచక్రవర్తుల కాలపు 'నుసాంతర' శబ్దమునందలి యంతరము నదియే. పల్లెను 'దెస', పట్టణమును 'కోత' యందురు. 'దెస' మన దేశము. 'కోత' సంస్కృతముద్వారా పోయినను మూలమున ద్రావిడమైన కోట. బజారును 'పసర్' అనుట పారసీకము. చిన్నసందును 'గంగ్' అనుట ఓలందుభాష. అరబ్బీనుండి 'కిబ్లత్' వచ్చినది. నమాజునకు మక్కావైపు దిక్కని దాని యర్థము, అచ్చటివారి కది పడమటి వాయవ్యము. జావాభాషలో నీ పదము విస్తరించి చతుర్దిక్కులకును 'కెబ్లత్ పపత్' అను వాడుక పుట్టినది. సూదికి జావాలో 'దొమ్' అందురు. దానినుండి వచ్చిన 'పెదొమన్' మొదట నోడలోని దిక్సూచియై, నేఁడు మార్గదర్శక మను నర్థమునఁ బ్రచురమైనది.

తెలుఁగుతీరముతోడి సంబంధము

ఈ దీవులకును దెలుఁగుతీరమునకును గల సంబంధము కల్పితము గాదు. కాళిదాసు రఘువంశమునఁ గళింగరాజును వర్ణించుచు ద్వీపాంతరమునుండి లవంగపుష్పములను దెచ్చు గాలిని బేర్కొనెను. రెండవ శతాబ్దపు టాలెమీ మైసోలియాతీరమునకుఁ బైన, సువర్ణభూమికిఁ బోవు నోడలు తీరమును విడిచి నడిసంద్రమునఁ బడు స్థానమును గుర్తించెను. 1088 లో సుమత్రా పడమటితీరమునందలి బారుసుచెంత దక్షిణభారతపు ఐనూఱువర వర్తకశ్రేణి తమిళశాసనము వేయించెను. కాకతి గణపతిదేవుఁడు 1244 ప్రాంతమున మోటుపల్లి రేవునకు వచ్చు సముద్రవర్తకుల కభయశాసన మిచ్చెను. శ్రీనాథుని హరవిలాసమునకుఁ గృతిపతి యైన అవచి తిప్పయసెట్టి వంశమువారు సముద్రవర్తకులు. వారు కర్పూరము దెప్పించిన పంజారము బారుసుప్రాంతమే యని కొందఱు పండితులు గుర్తించిరి. 1605 మొదలు ఓలందువారు మచిలీపట్టణమున బట్టలు కొని జావా, మొలుక్కాలకుఁ గొనిపోయి సుగంధద్రవ్యములకు మాఱ్చుకొనిరి.

ఈ వర్తకము మాటలలో నిలిచినది. మచిలీపట్టణమును మనము బందరందుము. మలయు భాషలో రేవునకు 'బందర్' అనియే పేరు. రెండును బారసీకమునుండి వచ్చినవి. సరకులయింటిని వారు 'గుదంగ్' అందురు. అది మన గిడ్డంగికిని, తమిళుల కిడంగునకును సంబంధించిన దని పండితుల తలంపు. ఓడ 'కపల్', అంగడి 'కెదై', ఇవి తమిళపదములు. దక్షిణభారతీయుల నెల్లరను వారు 'కెలింగ్' అని పిలిచిరి, అది కళింగశబ్దము. చిరకాలము గౌరవముతో వాడఁబడిన యా పేరు ఇటీవల నిందార్థమును బొందినది గావున బాటసారి దానిని వాడకుండుట మంచిది. ఇచ్చట నొక విషయము గమనింపవలెను. ఓడ, అంగడి, గిడ్డంగి, కోట - మనవారిచ్చిన మాట లివి. కుడి, ఎడమ, దగ్గఱ, దూరము, తిన్నగా - ఇవి వారివి. వర్తకుఁడు సరకును, దాని నుంచు నింటి పేరును దెచ్చెను. దారిని మాత్ర మచ్చటివారినే యడిగెను.

ముగింపు

1928 అక్టోబరు 28 వ తేదీని ద్వీపములలోని యువజనులు సమావేశమై, మలయు భాష నింక ఇండోనేసియా భాష యని పిలుచుచు నైక్యభాషగా నంగీకరించిరి. ఏడువందలకుఁ బైఁబడిన భాషలు గల దేశమున, సంఖ్యలో నధికులైన జావావారి భాషను విడిచి, రేవులలో బాటసారులు వాడుచు వచ్చిన భాషను గైకొనుట వారి దూరదృష్టికి నిదర్శనము. 1945 నాఁటి రాజ్యాంగమున నదియే రాజ్యభాష యయ్యెను. లిపివిన్యాసము 1901 లోను, 1947 లోను, 1972 లోను సంస్కరింపఁబడినది. పాతపటములలో 'జలన్' పదమునకు ముందు 'డి', 'జె' యను రెం డక్షరములుండును. 1972 తరువాత 'జె' యొక్కటియే. పాతపటము చేఁబూని పోవువాఁ డీభేదము నెఱుఁగవలెను.

ఇంతవఱకుఁ జూచిన దానివలనఁ దేలిన సారాంశ మిది. ద్వీపవాసులు గాలిని, కొండను, కడలిని, ఏటిని ఆశ్రయించి తమ దిక్కులను దామే యేర్పఱచుకొనిరి. భారతమునుండి లిపిని, దేవతలను, కావ్యములను, కొన్ని వర్తకపదములను గైకొనిరి. ఉత్తరదిక్కునకుఁ బేరును గైకొనిరి. ఇచ్చినది తక్కువ యనుట గాదు. ఇచ్చినదానిని, ఈయనిదానిని వేఱుపఱచి చూచుటయే పరిశోధన. మనవా రాదీవులకు గురువులై పోయిరని గ్రంథములు చెప్పును. రేవున దిగిన మొదటినాఁడు మాత్రము వారును 'ది మన' యని యడిగియే యుందురు. ఎవ్వఁడో పల్లెవాఁడు కుడిచేతి బొటనవ్రేలితో దారి చూపియే యుండును. ఆ పల్లెవాని పేరు శాసనములలో లేదు. ఆతని మాటలు మాత్ర మింకను వాడుకలో నున్నవి.